మా మనిషి కాదండి

ధవళేశ్వరంలో తబిత ఇల్లెక్కడని అడిగితే చాలామంది తెలియదంటారు. పేషెంట్ల తబిత అంటే మాత్రం చెరుకురసం బండి అతను కూడా దారి చూపిస్తాడు. చుట్టుపక్కల ఎవరికి పక్షవాతం వచ్చినా, ఎవరి తుంటి ఎముక విరిగినా, డాక్టరు ఇంటికి పంపేశాక ఆ ఇంటివాళ్ళు తబితకి ఫోన్ చేసేవారు. మంచంలో ఉన్న మనిషిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం, ముక్కులో గొట్టంలోంచి జావ పోయడం, వీపు మీద పుండు పడకుండా చూసుకోవడం ఆమె కాలేజీలో నేర్చుకున్నవి కావు. పదో తరగతి అయ్యాక రాజమండ్రిలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరి, నర్సుల వెనకాల నిలబడి చూసి నేర్చుకున్నవి.

ఆమె పుట్టింది ఆత్రేయపురం పక్కన కాలవగట్టు మీద ఒక చిన్న ఊళ్ళో. తండ్రి వ్యవసాయ కూలీ. తల్లి ఒక పూతరేకుల దుకాణానికి రేకులు తీసేది. బోర్లించిన కుండలోపల కొబ్బరాకులు మండుతుంటే, పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగి, పొరలాంటి ఆ రేకుని చిరగకుండా ఊడదీయాలి. ఎన్ని రేకులు తీస్తే అంతకే కూలి. చెయ్యి కాలితే మానేదాకా ఇంట్లో కూర్చోవాలి, ఆ దుకాణం వాళ్ళకి సంబంధం లేదు. అందుకే కూతురికి ఆసుపత్రిలో నెల జీతమని, వారానికో సెలవని తెలిసినప్పుడు ఆ తల్లి చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ ఆసుపత్రి కొన్నేళ్ళకి మూతపడింది. ఈలోగా తబితకి ప్రేమ్ కుమార్‌తో పెళ్ళయింది. అతను కడియం వైపు ఒక నర్సరీలో మొక్కలు లారీలకి ఎత్తే పని చేస్తాడు. వాళ్ళకి వినీల అని ఒక్కతే కూతురు. ఆసుపత్రి పోయాక తబిత ఇళ్ళకి వెళ్ళి పేషెంట్లని చూడడం మొదలుపెట్టింది. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి చెప్పేవారు. పని ఉన్న నెల ఉండేది, లేని నెల లేదు. అయినా ఎవరి దయా అక్కర్లేకుండా బతుకుతున్నానన్న ధీమా ఆమె నడకలో కనిపించేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక విజయ్ పాల్ ఆమె దగ్గరికి వచ్చాడు.

విజయ్ పాల్ పరాయివాడు కాదు. వాళ్ళమ్మ పెళ్ళికి ముందు ఊళ్ళో తబితకి సండే స్కూల్ టీచరు, పెళ్ళయ్యాక ధవళేశ్వరం వచ్చేసింది. ఆసుపత్రిలో చేరిన కొత్తలో హాస్టల్ దొరక్కపోతే తబిత వాళ్ళింట్లోనే ఉంది. అప్పుడు విజయ్ పాల్ చంటిపిల్లాడు. డ్యూటీ నుంచి రాగానే వాణ్ణి చంకనెత్తుకుని గోదావరి గట్టుకి తీసుకెళ్ళేది. వాడు పెద్దయి డిగ్రీ చదివాడు. కొన్నాళ్ళు నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, కొన్నాళ్ళు ఫైనాన్స్ కంపెనీలో తిరిగాడు. ఏ పనీ నిలవలేదు. కానీ సంఘంలో యువజన కార్యదర్శి. పాటలు బాగా పాడతాడు, ఎవరింట్లో చావు జరిగినా ముందుండి కుర్చీలు వేయిస్తాడు. అందరికీ వాడంటే ఇష్టం.

“అక్కా, వాళ్ళూ వీళ్ళూ ఫోన్ చేస్తే వెళ్ళడం ఇంకా ఎన్నాళ్ళు? మన రాజమండ్రికి కొత్త కంపెనీ వచ్చింది. యాప్‌లో నీ పేరుంటుంది, ఫొటో ఉంటుంది. పేషెంటు వాళ్ళు బుక్ చేస్తే డ్యూటీ సరాసరి నీ ఫోన్‌కే వస్తుంది. ఇక్కడ మొత్తం చూసుకునేది నేనే,” అన్నాడు.

“అంటే ఉద్యోగమేనా?”

“ఉద్యోగం కన్నా పైన. పార్ట్‌నర్ అంటారు. నీకు నువ్వే యజమానివి.”

తబితకి నవ్వొచ్చింది. “నాకు నేను యజమానినైతే నాకు జబ్బు చేసినప్పుడు ఎవరు చూస్తారురా?”

“ఇన్సూరెన్స్ ఉందక్కా. అయినా నేనున్నాను కదా.”

ఆ చివరి మాటకే ఆమె ఒప్పుకుంది. పార్ట్‌నర్ అంటే ఏంటో ఆమెకి అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు, కానీ విజయ్ పాల్ అంటే ఎవరో తెలుసు.

కంపెనీ వాళ్ళు నీలం కోటు ఒకటి ఇచ్చారు. జేబు మీద కంపెనీ గుర్తు కుట్టి ఉంది. ఆ కోటుని తబిత రోజూ ఉతికి, ఇస్త్రీ చేసుకుని వేసుకునేది. ఆమె చేరిందని తెలిసి ఇంకొంతమంది ఆడవాళ్ళు ముందుకొచ్చారు. పొలం పనులకి వెళ్ళలేనివాళ్ళు, బట్టల షాపుల్లో రోజంతా నిలబడి కాళ్ళు వాచినవాళ్ళు. అందులో రాణి అనే అమ్మాయి భర్త చనిపోయి పుట్టింటికి వచ్చి ఉంది. చర్చి హాల్లో బల్ల మీద ఒకరిని పడుకోబెట్టి, పేషెంటుని ఎలా తిప్పాలో, ఎలా కూర్చోబెట్టాలో తబిత వాళ్ళందరికీ నేర్పింది. శిక్షణ ఇప్పించింది కంపెనీయేనని విజయ్ పాల్ ఫొటోలు తీసి పైకి పంపాడు. తబిత ఏమీ అనుకోలేదు.

మొదట్లో బాగానే ఉంది. రాను రాను ఫోను పెత్తనం పెరిగింది. పొద్దున్నే పేషెంటు ఇంటి గుమ్మం ముందు నిలబడి, నీలం కోటు కనపడేలా ఫొటో తీసి పెట్టాలి. ఆలస్యమైతే కోత. వచ్చిన డ్యూటీ వద్దంటే స్టార్లు తగ్గిపోతాయి, స్టార్లు తగ్గితే డ్యూటీలు రావు. బజారుకని వీధి చివరిదాకా వెళ్ళినా, “అక్కా, నీ లొకేషన్ బయట చూపిస్తోందేంటి?” అని విజయ్ పాల్ ఫోన్ చేసేవాడు. ఒళ్ళు వెచ్చబడిన రోజున కూడా తబిత బయల్దేరుతుంటే ప్రేమ్ కుమార్ అడ్డం నిలబడ్డాడు.

“నువ్వు యజమానివి కదా, ఇవాళ్టికి నీకు నువ్వు సెలవిచ్చుకో.”

“ఆ యజమాని చాలా కఠినం,” అని నవ్వి వెళ్ళిపోయింది.

అలా ఏడాది గడిచాక దానవాయిపేటలో సంపూర్ణమ్మ గారి డ్యూటీ వచ్చింది. మెయిన్ రోడ్డులో చీరల షాపున్న కుటుంబం. సంపూర్ణమ్మ గారిది పెనుగొండ. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. భారీ మనిషి. మాట ముద్దగా వచ్చేది, కానీ తెలివి ఎక్కడికీ పోలేదు. కోడలు లక్ష్మీప్రసన్న షాపు లెక్కలూ ఇల్లూ రెండూ చూసుకుంటూ అలిసిపోయి ఉండేది. మొదటి రోజే తబితతో అంది.

“మేము ఇద్దరు కావాలని అడిగామండి. యాప్‌లో ఒక్కరే దొరికారు. మీరొక్కరూ ఈవిణ్ణి ఎలా లేపుతారు?”

తబిత కూడా అదే అనుకుంది. బయటికొచ్చి విజయ్ పాల్‌కి ఫోన్ చేసింది. “నా ఒక్కదాని వల్ల కాదురా. రాణినైనా పంపు.”

“రాణికి వేరే డ్యూటీ పడింది. కొన్నాళ్ళు ఎడ్జస్ట్ అయిపో అక్కా. నువ్వు కాదంటే మన రాజమండ్రి పాయింట్ మీద హెడ్డాఫీసు వాళ్ళు మచ్చ వేస్తారు. నా పరువు నీ చేతిలో ఉంది.”

ఆ మాట వాడు మళ్ళీ మళ్ళీ అన్నాడు, ఆమె మళ్ళీ మళ్ళీ ఊరుకుంది.

సంపూర్ణమ్మ గారికి తబిత బాగా అలవాటైపోయింది. మొదట్లో వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు, మంచినీళ్ళకి విడిగా గ్లాసు. కొన్ని నెలలు గడిచేసరికి ఆవిడే కోడలితో, “తబితకి కాఫీ ఇచ్చావా?” అని ముద్దమాటల్లో అడిగేది. పెనుగొండలో అమ్మవారి ఉత్సవాలకి తన చిన్నప్పుడు ఎన్ని బండ్లు కట్టేవారో చెప్పేది. తబిత వాళ్ళమ్మ రేకులు తీసే సంగతి చెబితే, “నేను తిన్నవి మీ అమ్మ తీసినవేనేమో,” అని ఒకవైపే కదిలే మూతితో నవ్వేది.

ఒక పొద్దున ఆవిణ్ణి మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారుస్తుండగా ప్రమాదం జరిగింది. బాగున్న ఎడమకాలు నేల మీద ఆన్చగానే మడత పడింది. మనిషి మొత్తం ముందుకి ఒరిగింది. తబిత పక్కకి తప్పుకుని ఉంటే ఆమెకేమీ అయ్యేది కాదు. తప్పుకోలేదు. సంపూర్ణమ్మ గారి తల గచ్చుకి తగలకుండా తానే కింద పడి, ఆ బరువంతా తన మీదికి తీసుకుంది. తన వీపు లోపల ఏదో విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కాళ్ళు తనవి కానట్టు అయిపోయాయి. సంపూర్ణమ్మ గారికి చిన్న గీత కూడా పడలేదు. ఆవిడ నేల మీద పడుకునే, “అమ్మాయ్, అమ్మాయ్,” అని ఏడుస్తూ ఎడమచేత్తో తబిత జుట్టు నిమురుతోంది.

వెన్నుపూస విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. నడవగలదు గానీ ఇంకెప్పుడూ బరువెత్తకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. బరువెత్తడమే తబిత బతుకుతెరువని ఆయనకి చెప్పాలనుకుంది, మళ్ళీ ఎందుకులే అని ఊరుకుంది.

ఆసుపత్రికి విజయ్ పాల్ పళ్ళు తీసుకుని వచ్చాడు. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాడు. ప్రార్థనలో వాడి గొంతు వణికింది. వార్డులో మిగతా పేషెంట్లు కూడా కళ్ళు మూసుకున్నారు. ఆమెన్ అన్నాక లేచి ఆమె ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

“అక్కా, ఇన్సూరెన్స్‌కి పెట్టాలి. నీకో ఓటీపీ వస్తుంది. నేను చూసుకుంటాలే, నువ్వు కదలకు.”

మందుల మత్తులో ఆమెకి కళ్ళు మూతలు పడుతున్నాయి. “చూడరా నాన్నా,” అంది. వాడు కాసేపు ఫోను నొక్కి, దుప్పటి సరిచేసి, వందనాలు చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు ఎదురుచూసింది. ఇన్సూరెన్స్ గురించి ఏ కబురూ లేదు. ఒకరోజు యాప్ తెరిచింది. మీ ఇష్టప్రకారం మీరు మా నుంచి వైదొలిగారు, ఇన్నాళ్ళ మీ సేవకు ధన్యవాదాలు అని ఉంది. కింద ఒక పువ్వు బొమ్మ. వినీల చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. తాను వైదొలిగిన తేదీ ఆసుపత్రిలో ఉన్న నాటిది.

విజయ్ పాల్‌కి ఫోన్ చేసింది.

“సిస్టమ్‌లో ఏదో తేడా వచ్చినట్టుందక్కా. కనుక్కుంటాను.”

“నువ్వు ఆరోజు నొక్కింది ఏంటి?”

“అదే… ఇన్సూరెన్స్‌దే. పైవాళ్ళు ఎలా తీసుకున్నారో మరి. కనుక్కుంటానన్నాను కదా.”

ఆ తర్వాత వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. చర్చిలో చివరి పాట అవకముందే బయటికి వెళ్ళిపోయేవాడు. కంపెనీ నంబరుకి చేస్తే రికార్డు చేసిన గొంతు పలికేది. ఎలాగో ఒకసారి ఒక అమ్మాయి దొరికింది. వైదొలిగిన పార్ట్‌నర్లకి సౌకర్యాలు వర్తించవని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని మర్యాదగా అడిగింది.

నర్సరీ యజమాని మాట మీద ప్రేమ్ కుమార్ ఆమెని అమ్మిరాజు అనే లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పెద్దవాడు. హమాలీల కేసులు, రైసుమిల్లులో చేతులు పోయినవాళ్ళ కేసులు వాదించి పేరు తెచ్చుకున్నాడు. తబిత చెప్పిందంతా విని ఆయన అడిగాడు.

“నీకు ఉద్యోగమిచ్చినట్టు కాగితం ఉందామ్మా?”

“లేదండి. పార్ట్‌నర్ అన్నారండి.”

“వాళ్ళు ఏమన్నా అననీ. పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు. పని ఎవరి చెప్పుచేతల్లో జరిగిందన్నది చూడాలి. ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పింది వాళ్ళు. ఎప్పుడు వెళ్ళాలో చెప్పింది వాళ్ళు. వేసుకునే కోటు వాళ్ళది. వద్దంటే శిక్ష వాళ్ళది. ఇక నువ్వు ఎక్కడమ్మా యజమానివి? పనిలో ఉండగా దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని ఎప్పటినుంచో చట్టం ఉంది. కార్మిక శాఖలో వేద్దాం. అయితే సాక్షులు కావాలి. నీచేత పని చేయించింది వాళ్ళేనని ఎవరైనా చెప్పాలి.”

తబితకి ఆ విషయంలో భయం లేదు. సాక్షులుగా ఎవరెవరు వస్తారో ఆమె మనసులో అనుకునే ఉంది.

ముందు లక్ష్మీప్రసన్న దగ్గరికి వెళ్ళింది. నడుముకి బెల్టు కట్టుకుని మెట్లెక్కలేక కిందే నిలబడితే, ఆమే దిగి వచ్చి చేతులు పట్టుకుంది. “తప్పకుండా వచ్చి చెప్తానండి. ఇద్దరు కావాలని మేము అడిగిన మాట నిజం. మా అత్తయ్య ఇవాళ బతికి ఉందంటే మీ వల్లే.” పైనుంచి సంపూర్ణమ్మ గారు ఎవరొచ్చారని అడుగుతున్న గొంతు వినిపించింది.

తర్వాత రాణి దగ్గరికి వెళ్ళింది. రాణి, మిగతా ఆడవాళ్ళు కూడా వస్తామన్నారు. “నువ్వు నేర్పిన పనే కదక్కా మేము చేసుకుంటున్నది,” అంది రాణి.

విచారణ తేదీ దగ్గరపడ్డాక ఒకరోజు రాణి ఏడుస్తూ వచ్చింది. యాప్‌లో అందరికీ ఒక ప్రశ్న వచ్చిందట. మీరు మీ ఇష్టం వచ్చినప్పుడు పనిచేసే స్వతంత్రులా అని. అవునని నొక్కితేనే డ్యూటీలు తెరుచుకుంటున్నాయట.

“నొక్కేశానక్కా. అందరం నొక్కేశాం. పిల్లాడి స్కూలు…” అంటూ ఆగిపోయింది.

“పోనీలే. మరి సాక్ష్యం?”

రాణి తల వంచుకుంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా తబితకి రాలేదు.

విచారణ రోజున కార్మిక శాఖ ఆఫీసుకి లక్ష్మీప్రసన్న రాలేదు. ఫోను స్విచాఫ్. ఆమె భర్త తరఫున ఒక గుమాస్తా వచ్చి సంతకం చేసిన కాగితం ఇచ్చి వెళ్ళాడు. మేము యాప్‌లో సేవ కొనుక్కున్నాం, మాకు ఇంకేమీ తెలియదు అన్నది సారాంశం. ఇంట్లో పెట్టుకున్నవాళ్ళే యజమానులని ఎవరైనా అంటారేమోనని ఆ షాపువాళ్ళని వాళ్ళ లాయరు భయపెట్టి ఉంటాడని అమ్మిరాజు ఊహించి చెప్పాడు. తబిత గోడకి ఆనుకుని నిలబడింది. సంపూర్ణమ్మ గారికి ఈ సంగతి తెలుసా, తెలియదా అన్న ప్రశ్నే ఆమె తలలో తిరుగుతోంది.

అప్పుడు మెట్లెక్కి విజయ్ పాల్ వచ్చాడు. తెల్లచొక్కా, నల్ల ప్యాంటు, మెళ్ళో కంపెనీ కార్డు. ఆమెని చూసి కూడా చూడనట్టు కంపెనీ లాయరు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

విచారించే అధికారిణి నెమ్మదైన మనిషి. రెండు పక్షాలూ చెప్పింది ఓపిగ్గా రాసుకున్నారు. కంపెనీ లాయరు హైదరాబాదు నుంచి వచ్చాడు. “మేడమ్, మాది కేవలం ఒక వేదిక. పని కావలసినవాళ్ళనీ చేసేవాళ్ళనీ కలుపుతాం, అంతే. ఈమె మా మనిషి కాదండి. కొత్త చట్టం కూడా ఇలాంటివాళ్ళని గిగ్ వర్కర్లు అంది. యజమాని, ఉద్యోగి అన్న సంబంధానికి బయటివాళ్ళని స్పష్టంగా రాసింది,” అన్నాడు.

అమ్మిరాజు లేచాడు. “ఆ చట్టం అమల్లోకి రాకముందే ఈమె నడుం విరిగిందండి. పాత చట్టం ప్రకారమే చూడాలి. అయినా వాళ్ళకి ఏదో ఒక భద్రత ఉండాలని ఆ పేరు చట్టంలో పెట్టారు. పేరు చూపించి గెంటెయ్యడానికి కాదు.”

విజయ్ పాల్‌ని పిలిచారు. ప్రమాణం చేశాడు. తబిత గారికి పని విషయంలో ఎవరూ ఆజ్ఞలు ఇచ్చేవారు కాదన్నాడు. గారు అన్నాడు. ఆమె తనకి వీలైనప్పుడు వచ్చేదని, వీలు కానప్పుడు మానేసేదని చెప్పాడు. ఇద్దరు కావాలని ఆమె ఎప్పుడూ అడగలేదన్నాడు. ఆసుపత్రిలో ఆమే తనంతట తాను మానేస్తానంటే, సాయంగా ఫోను నొక్కిపెట్టానన్నాడు.

తబిత వాడి మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు అవేమీ ఎర్రబడలేదు.

అమ్మిరాజు అడ్డప్రశ్నలు మొదలుపెట్టాడు. “బాబూ, రాజమండ్రిలో కంపెనీ మేనేజరువి నువ్వే కదా? ఆ హోదాలోనే కదా వీళ్ళందరినీ చేర్చావు?”

విజయ్ పాల్ ఛాతీ కొంచెం విరుచుకుని, “అవునండి,” అన్నాడు.

కంపెనీ లాయరు వెంటనే లేచాడు. “అభ్యంతరం మేడమ్. ఈయన కూడా మా ఉద్యోగి కాదు. ఏరియా పార్ట్‌నర్. స్వతంత్రంగా కమీషన్ మీద పనిచేస్తారు. వీరి మాటలకి, చేతలకి కంపెనీ బాధ్యత లేదు.”

విజయ్ పాల్ లాయరు వైపు తిరిగాడు. తాను విన్నది సరిగ్గానే విన్నానా అన్నట్టు చూశాడు. చెయ్యి మెళ్ళో కార్డు మీదికి పోయింది. తనకీ ఏ కాగితమూ ఇవ్వలేదన్న సంగతి వాడికి అప్పుడే తట్టినట్టుంది.

“నిజమేనా?” అని అధికారిణి అడిగారు.

వాడు నిజం చెబుతాడని తబిత ఆ క్షణంలో కూడా అనుకుంది. తన కోసం కాకపోయినా, కనీసం వాడు తనని తాను కాపాడుకోవడానికైనా చెబుతాడనుకుంది. వాడు గొంతు సర్దుకున్నాడు.

“అవునండి. నేను పార్ట్‌నర్‌నేనండి.”

అధికారిణి కలం కింద పెట్టి కంపెనీ లాయరుని అడిగారు. “అయితే రాజమండ్రిలో మీ మనిషి ఎవరండి?”

“ఎవరూ లేరు మేడమ్.”

“మరి ఈవిడ చేత ఆ ఇంట్లో పని చేయించింది ఎవరు?”

లాయరు యాప్ గురించి ఏదో చెప్పబోయాడు. ఆవిడ విని, రాసుకుని, సరేనన్నారు.

కొన్ని నెలలకి తీర్పు వచ్చింది. తబిత కంపెనీ చెప్పుచేతల్లోనే పనిచేసిందని, పనిలో ఉండగానే దెబ్బ తగిలిందని, పరిహారం ఇవ్వాల్సిందేనని అధికారిణి రాశారు. అమ్మిరాజు ఆ వాక్యాలు చదివి వినిపిస్తుంటే ప్రేమ్ కుమార్ కళ్ళు తుడుచుకున్నాడు. తబిత, “ఇంకోసారి చదవండి,” అంది.

సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. కంపెనీ పరిహారం సొమ్ము కార్మిక శాఖలో జమకట్టి హైకోర్టుకి వెళ్ళింది. అక్కడ తేలేదాకా ఆ సొమ్ము చేతికి రాదు. ఆ వెంటనే రాజమండ్రిలో యాప్ మూసేశారు. నడపడం గిట్టుబాటు కావడం లేదని అందరి ఫోన్లకీ కబురు పెట్టారు. కాకినాడలో, భీమవరంలో మాత్రం నడుస్తోంది.

తబితకి ఎక్కువ దెబ్బ తగిలింది అక్కడే. తాను వెంటబెట్టుకుని తెచ్చిన ఆడవాళ్ళు, చర్చి హాల్లో బల్ల మీద పని నేర్పించిన ఆడవాళ్ళు, ఆమెని చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆరాధన అయ్యాక ఒకావిడ నలుగురూ వినేలాగే అంది. “కేసులు పెట్టి మా నోటికాడ కూడు తీసేసింది. దేవుడు చూస్తాడు.” రాణి అక్కడే ఉంది. అది తప్పని అనలేదు, అవునని కూడా అనలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తబిత ఆ రోజు ఇంటికొచ్చి, నీలం కోటుని గచ్చు తుడిచే గుడ్డగా చింపేసింది.

అలా కొంతకాలం గడిచాక, ఒక సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చుని గోంగూర వలుస్తుంటే విజయ్ పాల్ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“అక్కా, నా కమీషన్ అంతా ఎగ్గొట్టారు. హెడ్డాఫీసు వాళ్ళు నా నంబరు బ్లాక్ చేశారు. ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి రాత్రిదాకా వాళ్ళ పనే చేశాను. అమ్మిరాజు గారిని కలిశాను. కేసు వెయ్యొచ్చన్నారు.”

తబిత ఆకులు వలుస్తూనే ఉంది.

“నేను కంపెనీ మేనేజర్‌గా మీ అందరిచేత పని చేయించానని చెప్పే సాక్షి కావాలట. వేరేవాళ్ళెవరూ రానంటున్నారు. నువ్వు చెప్తే…”

లోపల ఎంత కోపముందో ఆమెకే తెలియలేదు. చేతిలో కాడ నలిగి పసరు కారింది. తర్వాత తలెత్తి వాడి కళ్ళలోకి చూసింది.

“వస్తాను. నువ్వు మా మేనేజర్‌వేనని చెప్తాను. అది నిజం. పొద్దున్నే ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగేవాడివని చెప్తాను. ఇద్దరు కావాలంటే ఎడ్జస్ట్ అవమన్నావని చెప్తాను. ఆసుపత్రిలో ప్రార్థన చేసి ఏం నొక్కావో అది కూడా చెప్తాను. మొత్తం చెప్తాను. నీకు ఇష్టమైతే డేటు పడ్డాక కబురు పెట్టు.”

విజయ్ పాల్ పెదవులు కదిలాయి. “అక్కా, అది అప్పుడు వాళ్ళు… పర్మనెంట్ చేస్తామన్నారు…”

“ఎత్తుకుని పెంచినదాన్ని రా నేను,” అంది తబిత. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. వాడు కాసేపు వాకిట్లోనే నిలబడి వెళ్ళిపోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఇంతవరకూ కబురు పెట్టలేదు. కేసు వేశాడో లేదో కూడా తెలియదు.

హైకోర్టులో కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా పడిన ప్రతిసారీ అమ్మిరాజు ఫోన్ చేసి చెబుతాడు. తబిత ఇప్పుడు ధవళేశ్వరంలోనే ఒక చిన్న ఆసుపత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చుంటోంది. ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది, లేచి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, “మా నాన్నగారిని చూడ్డానికి మీరు రాగలరాండి?” అని అడుగుతుంటారు. రాలేనని చెబుతుంది. ఎవరినైనా పంపమంటే, ఒక క్షణం ఆలోచించి, రాణి నంబరు ఇస్తుంది. ఇచ్చినట్టు రాణికి మాత్రం చెప్పవద్దంటుంది.